ఆరో తీగ

రాష్ట్రం విడిపోయిన రెండో ఏడు, ఎండాకాలం. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కొత్త బాయిలర్ నిలబెడుతున్నారు. ప్రొద్దుటూరులో పొద్దున్నే బస్సెక్కి, లారీల దుమ్మంతా మింగి, ఎనిమిదింటికల్లా గేటు దగ్గర దిగేవాణ్ణి. నా పని రేడియోగ్రఫీ. ఆస్పత్రిలో ఎముకలకు ఎక్స్‌రే తీసినట్టు నేను ఇనుము అతుకులకు తీస్తాను. పాతికేళ్ళు ఇదే పని చేసినా మా బంధువుల్లో సగం మంది నన్ను కాంపౌండరనే అనుకుంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి వదిలేశాను.

ఆ కిరణాలకు మేం వాడే సోర్సు ఇరిడియం అనే లోహం. గోరంత ఉంటుంది గానీ, దాన్ని డబ్బాలోంచి బయటికి పంపితే చుట్టుపక్కల మనిషన్నవాడు ఉండకూడదు. తాడు కట్టి అందరినీ దూరం పంపాలి. అందుకే మేమంటే సైటులో ఎవరికీ గిట్టదు. "అదో, పని ఆపేటోళ్ళు వచ్చినారు" అని మొహమ్మీదే అనేవాళ్ళు. పలచటి పైపుకైతే నిమిషాల్లో అయిపోతుంది. ఆ బాయిలర్‌లో ఆవిరి నిండే డ్రమ్ము ఇనుము మాత్రం నాలుగు వేళ్ళ మందం. పైగా నా సోర్సు పాతబడి బలం తగ్గింది. ఒక్కో ఫిల్ముకు గంటసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. డ్రమ్ము చుట్టూ ఉన్న అతుకుకు పదకొండు ఫిల్ములు. బయట సోర్సు, లోపల ఫిల్ము పెట్టి ఒక్కొక్కటే తీస్తున్నాను.

"సామేలూ, అన్నాల గంటలో ఎన్నయితే అన్ని తీసుకోప్పా. ఆ గంట దాటితే నా మనుషుల్ని ఊరికే నిలబెట్టను" అన్నాడు సైటు ఇన్‌ఛార్జి సుబ్బారెడ్డి. అంటే రోజుకొకటి. నాకు ఒళ్ళు మండింది.

ఆ అతుకు వేసిన వెల్డరు మస్తాన్‌వలి, జమ్మలమడుగు మనిషి. అతని భార్య నాలుగేళ్ళుగా కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తోంది. ఇన్నాళ్ళకు ఇతనికీ అక్కడే ఒక వర్క్‌షాపులో అవకాశం తగిలింది. "ఈ జాయింటు ఒక్క రిపేరు కూడా లేకుండా పాసయిందని కాగితం చూపిస్తే వీసా ఖాయమంటాండాడు ఏజెంటు. శనివారం వరకే గడువన్నా" అన్నాడు. ఆ మాట అంటూ సిగ్గుపడ్డాడు పాపం, నలభై ఏళ్ళవాడు.

అప్పటికి నాలుగు ఫిల్ములే అయ్యాయి. సరే, నేనే దారి చూశాను. సోర్సును దగ్గరికి జరిపాను. దూరం సగమైతే టైము నాలుగో వంతుకు దిగుతుంది. మిగిలిన ఏడూ రెండు మధ్యాహ్నాల్లో ముగించేశాను. సుబ్బారెడ్డి కూడా నన్ను చూసి నవ్వాడంటే చూసుకోండి.

అయితే మందపు ఇనుముకు సోర్సు మరీ దగ్గరైతే బొమ్మ అలుక్కుపోతుంది. అది తెలియడానికే అతుకు పక్కన పెనెట్రామీటర్ పెడతాం. లావు నుంచి సన్నం దాకా వరసగా తీగలుండే చిన్న బిళ్ళ అది. మా డ్రమ్ముకు ఆరో తీగ ఫిల్ములో కనబడాలి. కనబడకపోతే ఆ ఫిల్ము చెల్లదు. వ్యూయర్ దీపం మీద పెట్టి చూశాను. ఆరోది కనబడినట్టే అనిపించింది. కనబడాలని అంతగా కోరుకుంటే కన్ను ఎందుకు కాదంటుంది? అన్నిటికీ పాసని రాసేశాను.

గురువారం సాయంత్రం మస్తాన్ డార్క్‌రూముకు వచ్చాడు. ఫిల్ములు కడిగే ఫిక్సరు వాసన పడక ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడో ఫిల్ము అడిగి మరీ తీసుకున్నాడు. దీపం మీద పెట్టి తీగలు వేలితో లెక్కపెట్టాడు.

"తీగలు ఎన్ని కనపడాలన్నావు?"

"ఆరు."

"ఈడ ఐదే ఉండాయి కదన్నా."

"దీపం మసకబారింది. సరిగ్గా చూడు" అని గద్దించాను.

"చూసినాలే. ఆ కాడ అతుకు వేస్తాంటే వోల్టేజి పడిపోయి రాడ్డు అంటుకునింది. రుద్ది మళ్ళా పోసినా. బాగలేకుంటే నీ ఫిల్ము పట్టుకుంటాదిలే అనుకుంటి. ఇది యాడ పట్టుకుంటాది? మళ్ళా తియ్యన్నా."

"పిచ్చి పట్టిందేంది నీకు? ఎల్లుండే కదప్పా శనివారం!"

"తెలుసు. తియ్యి."

నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఇద్దరం కలిసి మొదటే చెయ్యాల్సిన పని చేశాం. డ్రమ్ము నట్టనడుమ సోర్సును నిలబెట్టి, బయట చుట్టూ పదకొండు ఫిల్ములూ కడితే ఒక్క ఎక్స్‌పోజర్‌తో మొత్తం వచ్చేస్తుంది. ఒక్కసారి ఎక్కువసేపు పట్టినా, అన్నీ కలుపుకుంటే ఎంతో ఆదా. లోపల అడ్డంగా రేకులున్నాయని, స్టాండు కుదరదని నేనే బద్ధకించాను. మస్తాన్ కొలతలు తీసుకుని, ఇనుపముక్కలతో గంటలో స్టాండు చేసిచ్చాడు. శుక్రవారం కాబట్టి నమాజుకు సగం సైటు ఎర్రగుంట్లకు పోయింది. మిగిలినవాళ్ళు అన్నాలకు లేచారు. సుబ్బారెడ్డిని బతిమాలి ఇంకో గంట సంపాదించాను.

ఫిల్ములు కడిగి చూస్తే ఆరో తీగ వెంట్రుకలా తేటగా ఉంది. ఏడో ఫిల్ములో బెత్తెడు పొడవున నల్లటి గీత కూడా ఉంది. అతుకు లోపల ఇనుము కలవలేదు. ఆవిరి ఎక్కాక అది నోరు తెరిస్తే పక్కనున్నవాళ్ళ సంగతి ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

సుబ్బారెడ్డి ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాడు. పాసని రాసిన రిపోర్టు నేనే కొట్టేసి, కింద సంతకం పెట్టాను. మస్తాన్ ఆ చోటు తొలిచి మళ్ళీ వెల్డింగు చేశాడు. ఈసారి పాసయింది. కానీ రిపేరు లేదన్న కాగితం ఇక ఎవరిస్తారు?

శనివారం సాయంత్రం గేటు బయట టీ అంగడి దగ్గర కూర్చుని భార్యకు ఫోను చేశాడు. లారీల మోతకు వినబడక స్పీకరు పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాను. నన్ను తిట్టినా బాగుండేది.

"పోనీలే. ఆ డ్రమ్ము కాడ నిలబడేదీ ఎవురి మొగుడో కదా" అంది.

ఇప్పుడు డార్క్‌రూముల పని చాలా తగ్గింది, కంప్యూటర్ తెర మీదే బొమ్మ వస్తోంది. ఆ ఫిక్సరు వాసన, వేళ్ళకంటిన నలుపు తలచుకుంటే ప్రాణం లాగుతుంది. టైము తగ్గించే దారులు ఆ తర్వాత చాలా నేర్చుకున్నాను, కుర్రవాళ్ళకు నేర్పాను కూడా. కానీ ఆ సాయంత్రం తర్వాత నేను పాసని రాసిన ప్రతి ఫిల్మునూ, నేను ఎన్నడూ మొహం చూడని ఆ ఆడమనిషి నా పక్కన నిలబడి చూస్తున్నట్టే రాశాను.