మిఠాయి వేటలో నా జోడీ

మదురైలో మిల్లు గోడను ఆనుకుని ఉన్న కన్యాస్త్రీల బడిలో నేను అప్పుడు ఆరో తరగతి. మా వీధంతా మిల్లు కూలీలే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ డిసెంబరులో మిల్లులో సమ్మె. అమ్మా, మా మేనమామా పని మానేసి గేటు ముందు కూర్చున్నారు.

మా బడి నడిపే మదర్ బెల్జియం నుంచి వచ్చినావిడ. పండక్కి వాళ్ల దేశపు తీపి పదార్థాలు చేసి, బడంతా దాచి, మమ్మల్ని వెతకమన్నారు. ఒకటి దొరికిన చోట రెండోదాని ఆచూకీ చీటీ మీద ఉంటుంది. ఇద్దరేసి జోడీ. నాకు మిల్లు మేస్త్రీ కూతురు జోడీగా పడింది. సమ్మె విరగ్గొట్టడానికి తిరుమంగళం నుంచి లారీలో కూలీలను తెస్తున్నది వాళ్ల నాన్నే. మొదట ఇద్దరం మాట్లాడుకోలేదు.

బాదంపప్పు, చక్కెర రుబ్బి చేసిన బుల్లి పళ్లు పూలకుండీల్లో దొరికాయి. లవంగం, దాల్చిన పట్ట వేసి వాళ్ల దేశపు గడ్డం సామి బొమ్మ అచ్చు కొట్టిన గట్టి బిస్కెట్టు బావి దగ్గర దొరికింది. సామి తల ఎవరు కొరకాలని పోట్లాడుకుని నవ్వేశాం.

అప్పుడే గోడ అవతల అద్దం భళ్లుమంది. లారీ మీద రాళ్లు పడుతున్నాయి. కొన్ని గోడ దాటి మా మీదికే వచ్చాయి. మిగతా పిల్లలు చర్చిలోకి పరిగెత్తారు. మేస్త్రీ బడి గేటు తోసుకుని లోపలికొచ్చి పడ్డాడు. ఒక కంట్లోంచి నెత్తురు కారుతోంది. వెనకే కర్రలతో మనుషులు, అందరికన్నా ముందు మా మామ.

ముందురోజే మేస్త్రీ మనుషులు మా అమ్మను జుట్టు పట్టి ఈడ్చి కొట్టారు. ఆమె వీపు మీది వాతలకు వేపాకు నూరి రాసింది నేనే. అతను పడిపోతే నాకు జాలి కలగలేదు.

మామ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నా జోడీ వాళ్ల నాన్న మీద పడి కప్పేసింది. ఆ పిల్ల కనబడనట్టే మామ మళ్లీ కర్ర ఎత్తాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. దెబ్బ నా ముంజేతి మీద పడింది.

"వేణాం మామా, కొట్టద్దు. ఇది నాతో చదివే పిల్ల," అన్నాను.

మామ వంకరపోయిన నా చేతిని చూశాడు. "నువ్వు ఏల వస్తివి పాపా?" అని కర్ర వదిలేశాడు.

మిగతావాళ్లు వదల్లేదు. ఒకడు మేస్త్రీ డొక్కలో తన్నాడు. అడ్డం వచ్చిన మదర్‌ను తోసేశారు. పోలీసులు వచ్చి, ఎవరు ఏమిటని చూడకుండా లాఠీలతో బాది, మామను వ్యానులోకి విసిరేశారు.

మేస్త్రీకి ఆ కన్ను పోయింది. మామ ఉద్యోగం పోయి, పెరియకుళం మామిడి తోపుల్లో కాపలాకి వెళ్లాడు. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. కొన్నాళ్లకు నేను అమ్మతో సంతకెళ్తే ఎదురై, నా కట్టు చూసి, నొప్పి ఉందా అని తమిళంలో అడిగింది. ఉందన్నాను. వాళ్ల నాన్న ఇంకా మంచం మీంచి లేవలేదని చెప్పింది. అమ్మ నన్ను లాక్కుపోతుందనుకున్నాను. మా మాటలు అయ్యేదాకా కొత్తిమీర బేరం చేస్తూ అక్కడే నిలబడింది.