గడ్డి మిషన్ బెల్టు, బర్రె మెడ, నా నడుము

పెళ్లిచూపుల్లో నేను పెళ్లికొడుకు సాక్సులు తప్ప ఇంకేమీ చూడలేదు. సిగ్గనుకుంటున్నారేమో, ఆగండి. సిగ్గుకీ నాకూ పరిచయం తక్కువ. ఆ రోజు నా పరువునూ నడుమునూ ఒకే పూటలో ఎట్లా మట్టిలో కలిపానో చెప్తాను. నవ్వుకోండి, కాకపోతే నిటారుగా కూర్చుని నవ్వండి.

అది హైటెక్ సిటీలో పూటకో అద్దాల మేడ లేస్తున్న కాలం. నేను మా ఊరు కనకమామిడి నుంచి మెహిదీపట్నం బస్సెక్కి, అక్కడ కంపెనీ బస్సు పట్టుకుని ఉద్యోగానికి వెళ్లేదాన్ని. సాఫ్ట్‌వేర్ ఎట్లా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా పని. "ఒక్కరూ చదివి చావరు" అని సాయంత్రం దాకా తిట్టుకోవడం కూడా అందులో భాగమే. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. వచ్చిన ప్రతి సంబంధం వాళ్లూ "పెండ్లయినంక మానేస్తది గదా?" అని అడిగేవారు. ఈసారి చేవెళ్ల నుంచి వస్తున్నారనగానే ఒకటే అనుకున్నాను. అబ్బాయి కళ్లలోకి సూటిగా చూసి, "ఉద్యోగం మానను" అని ముందే చెప్పేయాలి.

వానలకు మా వాకిలంతా మోకాలెత్తు గడ్డి. వాళ్లొచ్చే లోపు కొడవళ్లతో తెగేది కాదు. నేనూరుకుంటానా? సిటీ నుంచి గడ్డి కోసే మిషన్ కొనుక్కొచ్చాను. పొడుగాటి గొట్టం, పైన మోటారు, కింద గిర్రున తిరిగే ప్లాస్టిక్ దారం. డబ్బాలో ఒక పుస్తకం, ఒక వెడల్పాటి బెల్టు కూడా ఉన్నాయి. పుస్తకం నేను తెరవలేదు. అవును, నేనే. బెల్టేమో ప్యాకింగుతో వచ్చిందనుకున్నాను.

"బాపూ, గీ బెల్టు నీకేమన్న పనికొస్తదా?"

మా నాన్న దాన్ని లాగి చూశాడు. "మస్తు గట్టిగున్నది బిడ్డా. బర్రె పలుపు తెగేటట్టున్నది, దాని మెడకు కడత."

ఆదివారం పొద్దున్నే మిషన్ స్టార్ట్ చేశాను. మొదట బుద్ధిగా నిలబడే కోశాను, నమ్మండి. అరుగు మీద కూరగాయలు తరుగుతున్న మా అమ్మ మూతి తిప్పింది.

"గడ్డి కోస్తున్నవా, బస్సు కోసం నిలవడ్డవా?"

"ఇది మిషన్ అవ్వా!"

"ఏ మిషనైతేంది? గడ్డి కోసేటోళ్లు వంగుతరు. వచ్చేటోళ్లు జూస్తె ఏమనుకుంటరు? సాఫ్ట్‌వేర్ పిల్లకు ఒళ్లు వంగదనుకోరా?"

మా వైపు గడ్డి కోయడమంటే వంగడమే. నిలబడి కోస్తే అది పని కింద లెక్కే కాదు. చిన్నప్పటి నుంచి కలుపు తీసిన ఒంటికి ఆ మాట చాలు, వంగిపోయాను. అంత బరువునూ చేతులకు వేలాడేసుకుని, ముక్కు గడ్డికి తగిలేంతగా వంగి, పాదాలు కదపకుండా నడుమును మాత్రం ఇటూ అటూ తిప్పుతూ కోశాను. కొడవలైతే మధ్యలో లేచి ఒళ్లు విరుచుకుంటాం. మిషన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమోనని ఆ పని కూడా చేయలేదు. చివరికి వాకిలి నున్నగా తయారైంది. మిషన్ కింద పెట్టి లేవబోయాను.

లేవలేదు.

"అవ్వా! నడుం పట్టింది!"

"పడితే మెల్లగ లెవ్వు."

"గదే వస్తలేదు!"

అమ్మ ముందు నుంచి, బాపు వెనక నుంచి లాగారు. నేను పెట్టిన కేకకు పక్క ఫామ్‌హౌస్ కుక్కలన్నీ బదులిచ్చాయి. "దవాఖానకు తీస్కపోదామా?" అని బాపు అంటుండగానే గేటు ముందు కారు ఆగింది.

"ఫికర్ చెయ్యకు," అంది అమ్మ. "చీర సుట్టుకోని చాయ్ పట్టుకపో. తల వంచుకున్నదనుకుంటరు."

"తల వంచితే మెడ వంగుతది అవ్వా! నేను నాగలి లెక్కున్న!"

వినేదెవరు? చాయ్ ట్రేతో లోపలికి నడిచాను. నాకు కనిపించిందల్లా చాప అంచు, కొన్ని పాదాలు, వాటిలో ఒక జత బూడిదరంగు సాక్సులు. అమ్మ ట్రే అందుకుని, "కాళ్లు మొక్కు" అని గొణిగింది. మొక్కడం ఏం కష్టం? అప్పటికే సగం దూరం వెళ్లి ఉన్నాను.

"సల్లగుండు బిడ్డా," అంది అబ్బాయి తల్లి. "సాలు, లెవ్వు."

నేను లేవలేదు.

"లెవ్వమ్మా, సాలు."

నేను లేవలేదు. ఆమె మురిసిపోయింది. "గీ కాలంల గింత అణకువ ఏడున్నదమ్మా! గిసుంటి పిల్ల ఉద్యోగమని బస్సులెంబడి తిరగది. ఇంటి పట్టున ఉంటది."

నేను చెప్పాలనుకున్న మాట ఒకటి, నా నడుము చెప్తున్న మాట ఇంకొకటి. "నేను..." అని మొదలుపెట్టాను గానీ, అది గచ్చుకు తప్ప ఎవరికీ వినిపించలేదు. నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు బూడిదరంగు సాక్సులు లేచి నా దగ్గరకొచ్చాయి. సాక్సుల మనిషి గొంతుక్కూర్చుని, మెడ తిప్పి, కింద నుంచి నా మొహంలోకి చూశాడు.

"నడుం పట్టిందా?" మెల్లగా అడిగాడు.

"ఊ."

"గడ్డి మిషనా? వాకిలి జూస్తెనే అనుకున్న. మా పూలతోటల నాక్కూడ గిట్లనే అయింది. బెల్టు ఏసుకోలేదా?"

"ఏం బెల్టు?"

"భుజానికి ఏసుకునేది. బరువంత అది మోస్తది. మనం సీదా నిలవడి, నడుసుకుంట కోయాలె."

సరిగ్గా అప్పుడే కొట్టంలో బర్రె అరిచింది. అతను కిటికీలోంచి అటు చూశాడు. దాని మెడ వైపే చూశాడు.

"అదేనా?"

"అదే."

అతను చాప మీద చతికిలబడి నవ్వాడు. తలకిందులైతేనేం, కళ్లలోకి కళ్లు పడ్డాయి. ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది.

"నేను ఉద్యోగం మానను," అన్నాను.

"మానమని నేనన్ననా?" అని గొంతు పెంచాడు. "అమ్మా, పిల్ల మొక్కుతలేదు, నడుం పట్టింది. ఉద్యోగం మానదంట. నాకు ఇష్టమే."

బాపు దగ్గాడు. అబ్బాయి తల్లి నిట్టూర్చింది.

"మరి గంతగనం దీవిస్తి గదరా! ఇచ్చిన దీవెన ఎవరన్న వాపస్ తీస్కుంటరా? ఉద్యోగమైతె చేసుకోనీ. ముందుగాల ఆ పిల్లను నిలవెట్టుండ్రి!"

నన్ను నిలబెట్టడానికి కొన్నాళ్లు పట్టింది. పెళ్లయింది. ఉద్యోగం మానలేదు. మిషన్‌కు కొత్త బెల్టు కొన్నాం, పాతదాన్ని బర్రె తిరిగివ్వలేదు.

అందుకే ఆ బర్రె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బెల్టు భుజాన లేకుండా మిషన్ ముట్టను. అడుగు వేస్తూ కోస్తాను గానీ నడుము తిప్పను. మధ్యమధ్య ఆగి ఒళ్లు విరుచుకుంటాను. ఎవరేమన్నా సరే, ఇక వంగను గాక వంగను.

చెయ్యి చాచి మరీ ఈ ప్రమాణాన్ని మా అత్తమ్మ ముందు పలికాను. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ తలైనా ఎత్తలేదు.

"గది నాకు కొత్తగ జెప్పాల్నా బిడ్డా? గా ఒక్కనాడు వంగినవు. మళ్ల ఎన్నడన్న వంగినవా?"