చెరిపేయని పాయింటు

గాజువాక నుంచి ద్వారకా నగర్‌లోని కోచింగ్‌కి వెళ్తూ, బస్సులో కంప్యూటర్ సి భాషలోని పాయింటర్లు చదువుకుంటున్నాను. పాయింటర్‌లో ఉండేది వస్తువు కాదు, అది మెమరీలో ఎక్కడుందో చెప్పే అడ్రసు. ఆ మెమరీని ఫ్రీ చేశాక, అంటే పని అయిపోయి వదిలేశాక, అడ్రసునూ చెరిపేయాలి. అక్కడ ఇక మనదేమీ ఉండదు.

పక్క సీట్లో ఒక మత్స్యకారుడు, ఒడిలో సముద్రంలో దారి చూపే తన పడవ జీపీఎస్.

"రిపేరుకిత్తే ఇందులో గుర్తెట్టుకున్న పాయింట్లన్నీ పోతాయంట. ఒక్కటి రాసిపెట్టమ్మా," అన్నాడు.

తెర మీది అక్షాంశ, రేఖాంశాల అంకెలు చూసి నోట్‌బుక్‌లో రాశాను. "చేపలు బాగా పడే చోటా?"

"అయ్యన్నీ నాకు నోటికొచ్చు. ఇదొక్కటే నోట రాదు. మా తమ్ముడు మునిగిపోయిన సోటు."

"ఇప్పుడక్కడ ఏముంది?"

"ఏటుంటాది? నీళ్లే. అటెల్లినప్పుడల్లా ఇంజనాపి, కాసేపుండి వొచ్చేత్తాను."

కాగితం చింపి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగిపోయాడు.

ఇప్పుడు పిల్లలకు పాయింటర్లు నేనే చెబుతున్నాను. ఫ్రీ చేశాక అడ్రసు చెరిపేయమనే చెబుతాను. ఆ నోట్‌బుక్ మాత్రం నా దగ్గరే ఉంది. చింపిన కాగితం కింది పేజీలో, నా పెన్ను ఒత్తిడికి పడిన అంకెల అచ్చులు ఇంకా కనిపిస్తాయి. ఆ పేజీలో నేనేమీ రాయలేదు.