గొట్టంలోని మురికి

నా చిన్నప్పుడు నాకు బల్లిని చూస్తే రోత. అంతకంటే రోత పుట్టించేది ఒకటుందని తెలిసింది మాత్రం యూనివర్సిటీ గుట్టల వెనక, కాలేజీ పిల్లలకు తుపాకీ నేర్పే మైదానంలో.

తార్నాకలో మా పక్కింటి అక్క అప్పుడు బీఎస్సీ చదువుతుండేది. తుపాకీ పోటీలకు ఢిల్లీ వెళ్లే జట్టులో చేరాలని ఆమె ఆశ. ఎంపిక జరిగే ఆదివారం నన్ను తోడు తీసుకెళ్లింది. అక్కడ అబ్బాయిలకేమో నూనె పెట్టి తుడిచిన తుపాకులు. అమ్మాయిలందరికీ కలిపి మూలన పడున్నది ఒకటి. అక్క కాల్చిన గుళ్లు గురి అట్ట మీద తలో దిక్కు పోయాయి. నేర్పే ఉస్తాద్ పాన్ నములుతూ, "గరిటె పట్టే చేతులమ్మా, వణుకుతయి" అన్నాడు. అబ్బాయిలు ఇకిలించారు.

అక్క వెళ్లి ఆ అట్ట ఊడదీసుకొచ్చింది. రంధ్రాలు గుండ్రంగా లేవు, గుమ్మడిగింజల్లా పొడుగ్గా ఉన్నాయి. గుండు అడ్డం తిరిగి తగిలిందట. నేను వెర్రిమొహం వేసుకుని చూస్తుంటే చెప్పింది.

"నీ బొంగరం జోరుగ తిరిగినంతసేపే సక్కగ నిలబడ్తది గదా. గుండు గూడ గంతే. తుపాకీ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటయి, అవే దాన్ని తిప్పుతయి. అవి మురికితోని నిండితే గుండు తిరగది, గాలిల పొర్లుకుంట పోతది."

ఇనుప కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టంలోకి దూర్చింది. బయటికి వచ్చినదాన్ని చూసి నేను ముక్కు మూసుకున్నాను. మాడిన నూనె, తుప్పు, సీసం పెచ్చులు, ఎన్నాళ్లదో తెలియని నల్లటి జిడ్డు. అక్క నూనె పోసి, చేతులు నొప్పెట్టేదాకా తోమింది. మళ్లీ కాల్చింది. ఈసారి అన్నీ గుండ్రటి రంధ్రాలే, పక్కపక్కనే.

ఇక ఢిల్లీ ఖాయమనుకున్నాను. ఉస్తాద్ ఆ అట్ట వైపు చూడనైనా చూడలేదు. తుపాకీని కంటి దగ్గర పెట్టుకుని మురిసిపోయాడు.

"గిది ఖరాబున్నదని నాకెరుకే. మంచిగ జేసినవు. ఇగ ఇటియ్యి, పోరగాళ్లకు పనికొస్తది. మీ ఆడపిల్లల వంతు అయిపోయింది."

ఎరుకేనట. ఆ గొట్టంలో పేరుకున్నది కడిగితే పోయింది. ఈయన లోపలిది ఏ కడ్డీకి అందుతుంది? ఛీ అనిపించింది. అక్క తుపాకీ ఇచ్చేసి, ఆ జిడ్డు గుడ్డను కూడా ఆయన అరచేతిలో పెట్టి నడిచింది. ఆయన దాన్ని కింద పడేసి, ప్యాంటుకు చెయ్యి తుడుచుకున్నాడు.

అక్క ఢిల్లీ వెళ్లలేదు. నేను పెద్దయి పంతులమ్మనయ్యాను. ఫలానా పిల్ల ఎందుకూ పనికిరాదని ఎవరైనా తీర్పు చెబితే, ఈ వయసులోనూ నా మొహం ముడుచుకుపోతుంది. ఆ పిల్ల చేతికి ఏమిచ్చి చూశారని అడగకుండా ఉండలేను.