పొగ లేని బండి

మా అత్తయ్యకు చెవులు సరిగ్గా వినపడవు. అందుకే రైలు పట్టాలు దాటేముందు ఆమె ఆకాశాన్ని నమ్ముకుంటుంది. దూరంగా తాడిచెట్ల మీద డీజిల్ ఇంజను నల్లటి పొగ లేస్తే సిమెంటు గూడ్సు వస్తున్నట్టు, లేకపోతే దారి ఖాళీ. జగ్గయ్యపేట దగ్గర మా ఊరి పక్కన ఆ లైను పడిన నాటి నుంచీ ఇదే ఆమె లెక్క.

లైను వేసినప్పుడు ప్యాసింజరు బండి వస్తుందని ఊరంతా సంబరపడింది. చిన్న ప్లాట్‌ఫారం, టికెట్ల గది కట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, బండి మాత్రం రాలేదు. ఈలోగా ఆటోలు వచ్చాయి, ఇంటింటికీ బైకు వచ్చింది, ఇక రైలు కావాలని అడిగేవాళ్లే లేకుండా పోయారు. టికెట్ల గదిలో మేకలు చేరాయి. మా మిరప కల్లం ఇప్పుడు ఆ ప్లాట్‌ఫారమే.

నేను నందిగామ బడిలో సోషల్ చెబుతాను. ఈమధ్య ఫ్రాన్సు పల్లెల్లోని చిన్న రైళ్ల గురించి చదివి అత్తయ్యకు అరిచి మరీ చెప్పాను. ఒకప్పుడు అక్కడ రోడ్ల పక్కనే సన్నటి పట్టాలు వేసి ఊళ్లకు రైళ్లు నడిపారు. సంతకు పోయే జనం, అక్కడ చెరకుకు బదులు పంచదార తీసే బీట్ దుంపలు, అన్నీ వాటిలోనే. బస్సులూ లారీలూ వచ్చాక ఎక్కేవాళ్లు లేక చాలాచోట్ల పట్టాలు పీకేశారు.

"మంచిపని చేశారు. మనకి పీకరు, నడపరు," అంది అత్తయ్య.

నవ్వాను గానీ ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. రోజూ నడిచే రైలంటే జనానికి భయం ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే బండిని ఎవరూ లెక్కచెయ్యరు. ఈమధ్య ఆ పట్టాల పైన కరెంటు తీగలు లాగారు. అదీ ఎవరం పట్టించుకోలేదు.

మొన్న మిరపకోతలప్పుడు ఒక సెలవురోజు మధ్యాహ్నం అన్నం క్యారేజీతో బయల్దేరాను. పట్టాలకు అవతల ప్లాట్‌ఫారం మీద అత్తయ్య కాయలు తిరగేస్తోంది. నన్ను చూసి, తలెత్తి తాడిచెట్ల వైపు చూసి, పట్టాల వైపు నడిచింది. అప్పుడే మలుపులోంచి గూడ్సు వచ్చింది. కరెంటు ఇంజను. పొగ లేదు.

హారన్ మోగుతూనే ఉంది. క్యారేజీ పడేసి, అరుస్తూ చేతులు ఊపాను. ఆమె నవ్వుతూ తనూ చెయ్యి ఊపింది. అంతలో వ్యాగన్లు మా మధ్యకు వచ్చేశాయి. ఎంతకీ అయిపోవు. చక్రాల సందుల్లోంచి ఎర్రగా ఏదో కనిపిస్తోంది. మిరపకాయలేనని నాకు నేను చెప్పుకున్నాను.

చివరి పెట్టె పోయాక చూస్తే, అత్తయ్య ప్లాట్‌ఫారం అంచునే నిలబడి ఉంది. నాకు చెయ్యి ఊపడానికి ఆగింది, అందుకే బతికింది.

"దొంగముండ బండి! పొగ కూడా లేకుండా వచ్చిందేంటే!" అని తిడుతోంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "కదలకండి అత్తయ్యా, నేనే వస్తున్నా!" అని గొంతు చించుకున్నాను.

ఆమెకు వినపడలేదు. తలెత్తి మళ్లీ తాడిచెట్ల వైపు చూసింది.

"పొగేం లేదులే, వస్తున్నా," అంటూ పట్టాల మీద కాలు పెట్టింది.