కట్ట నిండందే ఆగని చెయ్యి

మా పక్కింటి పెద్దమ్మ పోయి పది రోజులైంది. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని అట్లాగే పోయిందట. కబురు వచ్చినప్పుడు నేను జమ్మికుంట మార్కెట్లో పత్తి బస్తాలు దించుతున్నాను.

మా చెల్లెకు ఎనిమిదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళు బిగుసుకుని ఉంటాయి, మడమలు నేలకు ఆనవు. కరీంనగర్‌లో వారానికి మూడుసార్లు థెరపీ చేయించాలన్నారు. ఫీజు, బస్సు కిరాయి, ఆ పూట పోయే నా కూలి. ఇన్ని నెలలని లేదు, పిల్ల ఎదిగినన్నాళ్ళూ ఉండేదే. బాపు లేడు, అమ్మ నాట్లకు పోతుంది. తొమ్మిదిలో బడి మానేసిన నేను ఏ పనిలోనూ కుదురుగా లేను. నేను పని మానినప్పుడల్లా థెరపీ ఆగేది. కాళ్ళు మళ్ళీ బిగిసేవి.

"వారానికొక్కసారి పోదాం. తక్కిన దినాలు నేను చేస్త. గా సారు నాకు నేర్పడా ఏంది?" అన్నది పెద్దమ్మ. ఒకరోజు బీడీలు వదులుకుని మాతో బస్సెక్కింది. కాలు ఎట్లా సాగదీయాలో థెరపీ సారు చూపించాడు. పొద్దున పది, సాయంత్రం పది అన్నాడు.

వారం తర్వాత మళ్ళీ పోతే, చెల్లె సారును పిక్కలు ముట్టనివ్వలేదు.

"ఎన్నిసార్లు చేస్తున్నరమ్మా?"

"ఇరువై అయిదు, సారూ."

"పదే గద చెప్పిన!"

"కట్ట నిండకుంటె చెయ్యి ఆగుతలేదు సారూ."

బీడీల కట్టకు ఇరవై ఐదు మరి. తిట్టబోయిన సారు నవ్వేశాడు. చెల్లెకు నవ్వు రాలేదు. "నేనేమన్న బీడీనా పెద్దమ్మా?"

"బీడీవైతె ఎప్పుడో చుట్టి పడేస్తుంటి. మొండిదానివి గదనే!"

ఆనాటి నుంచి బీడీలు చుట్టే తునికాకులు పది పక్కన పెట్టుకుని, ఒక్కోసారికి ఒక్కో ఆకు అవతల పెట్టేది. రెండేళ్ళు ఒక్క పూటా తప్పలేదు. మేము ఏమిచ్చినా పుచ్చుకోలేదు.

నేను మళ్ళీ పని మాని ఇంటికొచ్చిన రోజు మాత్రం నన్ను వదల్లేదు. "పిల్లేమో నిలవడెతందుకు ఏడుస్తుంది. నువ్వేమో ఏ పనికాడ నిలవడవు. థెరపీ ఎవలకు చెయ్యాల్రా కొడుకా?" ఆ మాటకే మార్కెట్లో చేరాను. ఇది రెండో సీజన్.

ఆమె పోయాక నాలుగు రోజులు చెల్లె కాలు ఎవరమూ పట్టలేదు. ఐదో పొద్దున నేనే చాప పరిచాను.

"నీకు రాదన్నా."

"నువ్వు చెప్పు, చేస్త."

"గట్ల గుంజకు. జర మెల్లగ... ఆఁ, గట్ల."

పది కాగానే కాలు లాక్కుంది. స్నానమయ్యాక గోడ పట్టుకుని లోపలికి నడిచింది. గచ్చు మీద తడి అడుగులు పడ్డాయి. వేళ్ళు, పాదం, వెనకాల సన్నగా మడమ. ఎండ వచ్చి ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.