షఫుల్‌లో పెట్టకూడని ఆల్బమ్

ఆ ఆల్బమ్ పేరు నేను చెప్పను. చెబితే విన్నవాళ్ళు వెంటనే రెండు పార్టీలైపోతారు. అంతకుముందు వచ్చిందే గొప్పదని కొందరంటారు, ఇది అసలు హెవీ రాకే కాదని ఇంకొందరంటారు. ఆ పోట్లాటలు పోట్లాడీ పోట్లాడీ నాకు విసుగెత్తింది. నాకంటే ఎక్కువగా ఆ ఆల్బమ్‌ని ప్రేమించిన ఒక మనిషి గురించి, అతన్ని పోగొట్టుకుంటానేమోనని నేను వణికిపోయిన ఒక ఆదివారం గురించి మాత్రం చెప్పాలి.

అతను నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్. అతనిది కరీంనగర్ దగ్గర, నాది తెనాలి, కాలేజీ హైదరాబాద్‌లో. మొదటి సంవత్సరం కంప్యూటర్ ల్యాబ్‌లో నా పక్కన కూర్చుని, రాయాల్సిన ప్రోగ్రామ్ వదిలేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏం వింటున్నావని అడిగితే జవాబు చెప్పకుండా హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు. అప్పటికి నేను చిన్నప్పటినుంచీ సంగీతం నేర్చుకుని, వర్ణాల దాకా వచ్చి, టీచరుగారితో గొడవపడి మానేసినదాన్ని. "ఆడపిల్లకి అంత కోపం పనికిరాదు" అనేది మా ఇంట్లో ఉప్పూ కారంలాగా రోజూ వాడే మాట. ఆ హెడ్‌ఫోన్స్‌లో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు నా కోపాన్నంతా వాడి గొంతుతో అరిచేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మానిటర్ వెనక తల దాచుకున్నాను.

ఆ ఆల్బమ్ తలుపు మీద తన్నినట్టు మొదలవుతుంది. గిటార్లు, డ్రమ్స్ మీదపడుతుంటే గాయకుడు గొంతు చించుకుంటాడు. ఇక భరించలేం అనుకునే చోట ఆ అరుపులోంచే ఒక రాగం బయటికొస్తుంది, కూరగాయలు తరుగుతూ కూడా కూనిరాగం తీసుకోగలిగినంత తేలికైన రాగం. నా చెవికి అవి నఠభైరవి స్వరాల్లాగే వినిపించాయి. ఆ మాట చెబితే అతను మురిసిపోయాడు.

"మీ టీచరమ్మను పట్కరా, ఈయనతోటి కచేరీ పెట్టిద్దాం" అన్నాడు.

ఆ ఆల్బమ్ వినడానికి అతను పెట్టిన నియమం ఒక్కటే. మొదటినుంచి చివరిదాకా వరసలో వినాలి. నచ్చని పాట దాటెయ్యడం తప్పు, వరస కలిపేసే షఫుల్‌లో పెట్టడం మహాపాపం. "కోపం ఎట్లొచ్చిందో తెల్వకుండ ఏడుపు దగ్గరికి ఎట్ల పోతవే?" అనేవాడు. సత్యనారాయణ వ్రతం కథలకి కూడా అంత నిష్ఠ ఉండదని నేను వెక్కిరించేదాన్ని.

ఇద్దరం అమెరికా వచ్చాక ఆ పిచ్చి ఉన్న మనవాళ్ళు ఇంకొందరు దొరికారు. అతనే వాట్సాప్ గ్రూప్ పెట్టాడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ రాసే ఒకాయన పొద్దున్నే కారు మీద మంచు గోకుతూ ఆ ఆల్బమ్ వింటాడు. శాన్ రామన్‌లో ఒకావిడ పురిటినొప్పుల్లో దాన్నే పెట్టించుకుంది. పుట్టిన పిల్ల తర్వాత లాలిపాటలకి ససేమిరా పడుకోలేదట. గుళ్ళోనూ, పాట్‌లక్ విందుల్లోనూ చూస్తే మేమంతా బుద్ధిమంతులమే. వీసా, మేనేజరు, అత్తగారు, ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. అపార్ట్‌మెంట్ గోడలేమో పలచన. అరవాలంటే కారెక్కి అద్దాలు మూసుకుని ఈ పాటలతో కలిసి అరవాల్సిందే.

చలికాలం మొదట్లో అతని ఉద్యోగం పోయింది. వీసా గడువు దగ్గరపడుతోంది. ఇంటర్వ్యూలన్నీ చివరిదాకా వచ్చి పోతున్నాయి. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ప్లెయిన్స్‌బరోలో ఒక్కడే ఉండే అపార్ట్‌మెంట్‌లో తలుపేసుకుని కూర్చున్నాడు. గ్రూప్‌లో మాట్లాడ్డం తగ్గించాడు, తర్వాత ఒకరోజు గ్రూప్‌లోంచే వెళ్ళిపోయాడు. మూడ్ బాగోలేదేమో, కొన్నాళ్ళు వదిలేద్దాం అనుకున్నాం.

ఒక శనివారం నాకు కొరియర్‌లో చిన్న ప్యాకెట్ వచ్చింది. విప్పితే అందులో ఆ ఆల్బమ్ సీడీ, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొనుక్కున్న అసలు సీడీ. కాలేజీలో దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను సంబరపడ్డాను. మా ఆయనకి చూపించి మురిసిపోయాను. మర్నాడు పొద్దున్న ఫోన్ చేశాను.

"ఏంట్రా, సీడీ పంపించావు? నా కార్లో సీడీ పెట్టే చోటే లేదు."

"ఉంచుకోవే. నేనేం చేస్కుంట దాన్ని."

"మొన్నటి ఇంటర్వ్యూ ఏమైంది?"

"ఏమైతది, పోయింది."

"తిన్నావా?"

"తిన్న." తర్వాత "సరేనే. పోతున్న" అని పెట్టేశాడు.

ఫోన్ చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను. మనవాళ్ళు ఫోన్ పెట్టేసేటప్పుడు 'ఉంటాను' అంటారు. అది గుడ్‌బై కాదు, ఇక్కడే ఉన్నానని చెప్పడం. అతనూ ఎప్పుడూ "ఉంటనే" అనేవాడు, నన్ను తిట్టి పెట్టేసినా సరే ఆ మాట అని పెట్టేసేవాడు. మా అమ్మమ్మయితే ఎవరైనా 'వెళ్తున్నా' అంటే అక్కడే నిలబెట్టి 'వెళ్ళొస్తా' అనిపించిగానీ గడప దాటనిచ్చేది కాదు. కరీంనగర్‌లో పాలప్యాకెట్‌కి వెళ్ళినా పోతున్ననే అంటారు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఇంట్లో ఒక్కడే కూర్చున్నవాడు ఎక్కడికి పోతున్నాడు? సీడీ ఎందుకు పంపాడు? మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. స్టవ్ కట్టేసి, పాపని చూసుకోమని మా ఆయనకి చెప్పి కారెక్కాను.

మా ఇల్లు అతనుండే ఊరికి నది అవతల, పెన్సిల్వేనియా వైపు. దారంతా అతన్ని తిడుతూనే డ్రైవ్ చేశాను. తిట్టడం ఆపితే వేరే ఆలోచన వస్తుందని భయం.

అతని ఇల్లు రెండో అంతస్తులో ఉంది. తలుపు కొట్టాను. పేరు పెట్టి పిలిచాను. "తలుపు తియ్యరా, నేనే" అన్నాను. లోపల దగ్గు వినిపించింది. ఉన్నాడు. ఆ తలుపుకే ఆనుకున్నాను.

"నువ్వు వెళ్ళిపో" అన్నాడు లోపలినుంచి. ఎప్పుడూ 'ఏమే' అనేవాడు అంత మర్యాదగా, మా తెనాలి యాసలో అనేసరికి ఇంకా భయమేసింది. తర్వాత ఎంత పిలిచినా పలకలేదు.

పార్కింగ్‌లోకొచ్చి, ఇలాంటప్పుడు సాయం చేసేవాళ్ళ నంబరుకి ఫోన్ చేశాను. పోలీసుల్ని పంపించనా అని అడుగుతారని, పోలీసుల్ని చూసి వీడు ఇంకేం చేస్తాడోనని బెదురుతూనే చేశాను. అటువైపు ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది. చనిపోవాలనుకుంటున్నారా అని ఆయన్ని నేరుగా అడిగారా అంది. లేదన్నాను. అడిగితే లేని ఆలోచన నేనే పెట్టినట్టవదా అన్నాను. అవదంది. అడిగితే బరువు తగ్గుతుంది, అడగండి, ఆయన్ని ఒంటరిగా వదలకండి, కాసేపట్లో బయటికి రాకపోతే మళ్ళీ చెయ్యండి, మనిషిని పంపిద్దాం అంది.

ఆవిడకేం, ఇంగ్లీషులో ఆ ప్రశ్న తేలికే. ఇంగ్లీషు మాకు ఆఫీసు భాష. తెలుగులో ఎలా అడగాలి? ఆత్మహత్య అనేది పేపర్లో మాట. చావు గురించి నోటితో అనకూడదు, పైన తథాస్తు దేవతలుంటారని మా పెంపకం. మళ్ళీ పొద్దున లేస్తే 'చచ్చానురా బాబూ', 'చస్తున్నా ఈ పనితో' అంటూనే ఉంటాం. వేళాకోళానికి వాడీ వాడీ అరిగిపోయిన మాటతో వాడి ప్రాణం గురించి ఎలా అడగాలో నాకు తోచలేదు. ముందసలు తలుపు తీస్తే కదా.

అప్పుడు కారు అద్దాలన్నీ దించి, ఫోన్‌లో ఆ ఆల్బమ్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా పెంచాను. అది తెలివితేటలతో చేసిన పనేమీ కాదు. నాకు గట్టిగా అరవాలనిపించింది, అరవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

నాది ఉచితంగా వచ్చే యాప్. అది పాటల్ని దానిష్టమొచ్చినట్టు కలిపేస్తుంది. చివరి పాట ముందు వచ్చింది. దాని తర్వాత నాలుగోది. గాయకుడు గొంతు చించుకుంటున్న చోట పాట అయిపోయి, ప్రకటనలో ఒకమ్మాయి కిలకిల నవ్వుతూ కారు ఇన్సూరెన్స్ గురించి చెప్పింది. వాకింగ్‌కొచ్చిన ఒక పెద్దాయన, పిల్లల దగ్గరికి వచ్చిన తండ్రి అయ్యుంటారు, మంకీక్యాప్ పైకి జరిపి కార్లోకి తొంగిచూశారు.

"ఏమ్మా, ఇంజనేమన్నా పాడైందా?"

"లేదండీ, పాట" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయారు.

మళ్ళీ పాట, మళ్ళీ ఇన్సూరెన్స్. పై బాల్కనీ తలుపు ధడేలున తెరుచుకుంది.

"దిమాఖుందా నీకు? షఫుల్ల పెట్టినవా?" మాసిన టీషర్టు, పెరిగిన గడ్డం. పీక్కుపోయిన ఆ మొహం నిండా కోపం. "బంద్ చెయ్యే! చివరి పాట ముందెట్ల వస్తది?"

"నాకు తెలీదు! నువ్వే వచ్చి సరిచెయ్!" అని అరిచాను. అరుస్తూనే ఏడుస్తున్నాను.

చెప్పుల్లేకుండానే దిగొచ్చాడు. పక్క సీట్లో కూర్చుని నా ఫోన్ లాక్కుని వరసలో పెట్టబోయాడు. డబ్బు కట్టందే కుదరదంది యాప్.

"ప్రీమియం తీస్కోవే, పిసినారిదానా" అన్నాడు.

నేను అద్దాలు ఎక్కించి పాట ఆపేశాను. తిన్నానన్నది అబద్ధమని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఒరేయ్. చచ్చిపోదామనుకుంటున్నావా?"

"రోజూ సస్తనే ఉన్న గదనే, ఈ ఇంటర్వ్యూలతోని" అని నవ్వబోయాడు.

"ఆ చావు కాదురా. నిజంగా అడుగుతున్నా. ప్రాణం తీసుకుందామనుకుంటున్నావా?"

తథాస్తు దేవతలు వింటే విననీ అనుకున్నాను. అతను ఎదురుగా ఉన్న చెత్తకుండీ వైపే చాలాసేపు చూశాడు.

"ఊఁ" అన్నాడు. "చాన దినాలసంది. ఇయ్యాల ఎక్కువున్నది."

ఆ జవాబు వింటే ఏడుపొస్తుందనుకున్నాను. కోపమొచ్చింది. అతని మీద, ఆ కంపెనీ మీద, గ్రూప్‌లోంచి వెళ్ళిపోతే మూడ్ అనుకున్న మా అందరి మీద పట్టరాని కోపమొచ్చింది. ఆ కోపంతోనే కారు స్టార్ట్ చేశాను.

"ఎటు?"

"హాస్పిటల్‌కి."

"ఇన్సూరెన్స్ లేదే నాకు."

"బిల్లు సంగతి తర్వాత కొట్లాడదాం."

"రికార్డులల్ల ఎక్కితే వీసాకు..."

"బతికుంటే కదరా వీసా!"

అతను సీట్‌బెల్టు పెట్టుకున్నాడు. నేను గమనించనట్టు రోడ్డు వైపే చూశాను.

ఎమర్జెన్సీలో కిటికీ అవతల కూర్చున్నావిడకి విషయం నేనే చెప్పాను. లాస్ట్ నేమ్ అడిగింది. అదీ నేనే చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఆయన్నే చెప్పమనండి అంది. అతను చెప్పాడు. మనవాళ్ళ ఇంటిపేర్లు వాళ్ళకి ఎప్పుడూ కొరకరాని కొయ్యలే. ఆవిడ టైప్ చేసి, స్పెల్లింగ్ చదివి వినిపించింది. మధ్యలో రెండక్షరాలు ఎగిరిపోయాయి.

నాకు భయమేసింది. ఇతను ఇలాంటివి పట్టించుకోవడం ఎప్పుడో మానేశాడు. కాఫీషాపుల్లో వాళ్ళకి నోరు తిరగదని ఏదో రెండక్షరాల పేరు చెప్పేవాడు. ఆఫీసు బ్యాడ్జి మీద పేరు తప్పుపడితే దాన్నే ఏళ్ళ తరబడి మెడలో వేసుకు తిరిగాడు. ఏదో ఒకటి రాసుకోండి అని ఇప్పుడూ అంటాడని, అన్నాక ఇక ఈ మనిషి మాకు దక్కడని, అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"నో" అన్నాడు.

ఆవిడ తలెత్తింది. అతను చెప్పుల్లేని కాళ్ళతో కిటికీ దగ్గరికి జరిగి, అద్దానికి మొహం ఆనించి ఒక్కో అక్షరమే చెప్పడం మొదలుపెట్టాడు. వి యాజ్ ఇన్ విక్టర్. ఇ యాజ్ ఇన్ ఎకో. ఆవిడ మళ్ళీ ఒకటి తప్పు కొట్టింది. అతను గొంతు పెంచి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. సెక్యూరిటీ గార్డు ఇటు తిరిగి చూశాడు. నేను ఆపలేదు. ఇంటిపేరు ఆఖరి అక్షరం దాకా తెరమీద సరిగ్గా పడ్డాక, ఆవిడ అడక్కుండానే, అతను తన పేరు మొదటి అక్షరం అందుకున్నాడు.